చీకటి పడగానే టైమర్ ఫ్రేములు ఎగ్గొడుతోందా? పగలు నుంచి రాత్రికి టైమ్‌లాప్స్ తీసేటప్పుడు సరిచూసుకోవలసినవి

"పగలంతా బాగానే తీసిందండీ, లైట్లు వెలిగే వేళకే ఫ్రేములు ఎగ్గొట్టింది. రిమోట్ పోయినట్టేనా? కొత్తది కొనాలా?" టైమ్‌లాప్స్ (కొన్ని సెకన్లకో ఫోటో తీసి, అన్నిటినీ వరసగా కలిపి చేసే వీడియో) తీసేవాళ్ళు ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. కొనొద్దు, ఆగండి. రిమోట్ (ఇన్ని సెకన్లకోసారి అని కెమెరా షటర్‌ని నొక్కే టైమర్) నిజంగా పాడవడం చాలా అరుదు. మధ్యాహ్నం పెట్టిన లెక్క రాత్రికి సరిపోకపోవడమే అసలు జబ్బు.

నాకూ ఇది అనుభవమే. డిసెంబరులో ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద, బుద్ధ విగ్రహం వెనక పొద్దు గుంకడం నుంచి నెక్లెస్ రోడ్డు దీపాల దాకా తీద్దామని కూర్చున్నాను. 5 గంటలకు మొదలుపెట్టి 7కి ఆపాను. 8 సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున 900 రావాలి. ఇంటికొచ్చి చూస్తే దాదాపు 730 ఉన్నాయి. వీడియో చేశాక పొద్దు నెమ్మదిగా, అందంగా దిగింది. సరిగ్గా చీకటి పడ్డాక మాత్రం కార్లూ మబ్బులూ ఒక్కసారిగా రెట్టింపు వేగంతో పరిగెత్తాయి. రెండు గంటల కాపలా వృథా. కారణం మెనూలో ఎక్కడో ఆన్ చేసి మరిచిపోయిన ఒక్క సెట్టింగ్. అదేమిటో మూడో మెట్టులో చెబుతాను.

సిద్ధాంతం ఈ ఒక్క వాక్యమే: షటర్ తెరిచి ఉండే సమయం, ఆ తరువాత కెమెరా ఆ ఫోటోని సర్దుకునే సమయం, రెండూ కలిపి ఇంటర్వెల్ (ఒక ఫోటో మొదలు నుంచి తరువాతి ఫోటో మొదలు దాకా ఉండే సమయం) కంటే తక్కువ ఉండాలి. పగలు షటర్ 1/250 సెకను. ఇంటర్వెల్ 5 పెట్టినా 3 పెట్టినా కెమెరాకి బోలెడంత తీరిక. రాత్రికి అదే షటర్ 6 సెకన్లకు పెరిగిందనుకోండి. 5 సెకన్ల దగ్గర టైమర్ పిలిస్తే కెమెరా ఇంకా ముందు ఫోటో పనిలోనే ఉంటుంది, పలకదు. మళ్ళీ 10వ సెకనులో పిలిచినప్పుడే తీస్తుంది. అంటే మీరు 5 అనుకున్నది మీకు తెలియకుండానే 10 అయిపోయింది.

కావలసినవి

కెమెరా, కదలని ట్రైపాడ్, మీ కెమెరా సాకెట్‌కి సరిపోయే టైమర్ రిమోట్ (లేదా కెమెరాలోనే ఉన్న ఇంటర్వెల్ షూటింగ్), నిండా చార్జ్ అయిన రెండు బ్యాటరీలు, 64 జీబీ కార్డు, రిమోట్‌కి కొత్త సెల్స్, కొంచెం ఇన్సులేషన్ టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. కార్డు విషయంలో పిసినారితనం వద్దు. ఒక్కో రా ఫైలు (కెమెరా సర్దకుండా దాచే ముడి ఫోటో) 25 ఎంబీ అనుకుంటే 900 ఫోటోలకి 22 జీబీ దాటుతుంది.

సాకెట్ చూసుకునే కొనండి. క్యానన్‌లో చిన్న కెమెరాలకి 2.5 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ను ఉంటే, పెద్దవాటిలో చాలావాటికి మూడు పిన్నుల ఎన్3 సాకెట్ ఉంటుంది. నికాన్‌లోనూ రెండు రకాలు: డీ850, డీ500 లాంటివాటికి పది పిన్నులది, డీ5600, డీ7500 లాంటివాటికి చిన్నది. "నికాన్ రిమోట్ ఇవ్వండి" అని మాత్రమే అడిగితే దుకాణంలో ఏది చేతికొస్తే అది ఇస్తారు. మోడల్ నంబరు చెప్పి అడగండి.

1. ముందు తీగ సంగతి తేల్చుకోండి

రిమోట్ తగిలించి టైమర్ జోలికి పోకుండా దాని మీదున్న పెద్ద బటన్‌ని చేత్తో నొక్కండి. ఫోటో పడిందా? పడితే తీగా పిన్నూ బాగున్నట్టే, ఎందుకంటే టైమర్ కూడా అదే తీగ మీదుగా పనిచేస్తుంది. పడకపోతే పిన్నుని గట్టిగా లోపలికి నెట్టి చూడండి. కెమెరా పక్కనుండే రబ్బరు మూత వెనక్కి లాగి పిన్ను సగమే దిగడం మామూలే. దిగాక టేపుతో అంటించేయండి. రెండు గంటల్లో గాలికి తీగ ఊగి పిన్ను వదులవకుండా ఉంటుంది.

రిమోట్ సెల్స్ నీరసిస్తే ఒక చిత్రం జరుగుతుంది: స్క్రీన్ మీద అంకెలు నడుస్తూనే ఉంటాయి, ఫోటో మాత్రం పడదు. స్క్రీన్ వెలుగుతోంది కదా అని నమ్మకండి, కొత్త సెల్స్ వేసి చూడండి.

2. రిమోట్‌లోని నాలుగు అంకెలు

చాలా రిమోట్లలో డిలే, లాంగ్, ఇంటర్వెల్, నంబర్ అని నాలుగు ఉంటాయి. ఎక్కువమంది బోల్తా పడేది లాంగ్ దగ్గరే. అది కెమెరా బల్బ్ మోడ్‌లో ఉన్నప్పుడు షటర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే అంకె. మన పనికి బల్బ్ పనికిరాదు, పగటి వెలుగులో సెకను పాటు షటర్ తెరిస్తే ఫోటో తెల్లగా మాడిపోతుంది. కాబట్టి కెమెరాని ఎం (మాన్యువల్) మోడ్‌లో పెట్టి షటర్ స్పీడు కెమెరాలోనే మార్చుకోవాలి. రిమోట్‌లో లాంగ్ 1 సెకను చాలు, అది కేవలం వేలితో నొక్కి వదలడం లాంటిది. సున్నా పెడితే కొన్ని కెమెరాలు ఆ చిన్న నొక్కుని పట్టించుకోవు.

లాంగ్ 1 సెకను పెట్టినప్పుడు కెమెరా డ్రైవ్ మోడ్ తప్పనిసరిగా సింగిల్‌లో ఉండాలి. కంటిన్యువస్‌లో ఉంటే పగటిపూట ఆ ఒక్క సెకనులోనే అయిదారు ఫోటోలు టపటపా పడిపోతాయి. చీకటి పడి షటర్ పొడవయ్యాక ఒక్కటే పడుతుంది. "పగలు ఎక్కువ తీసింది, రాత్రి తక్కువ తీసింది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది డ్రైవ్ మోడ్ గురించే.

నంబర్ అంటే ఎన్ని ఫోటోలని. చవక రిమోట్లు చాలావాటిలో 399 దాకానే పెట్టగలం. 8 సెకన్ల ఇంటర్వెల్‌తో అది 53 నిమిషాలకే అయిపోతుంది, అంటే అసలు రంగులు మొదలయ్యే వేళకి. రెండు గీతలు కనిపించేదాకా తిప్పండి, అది ఆపేదాకా తీస్తూ ఉండమని చెప్పడం. క్యానన్ కెమెరాల లోపలి టైమర్‌లో 99 దాటి పెట్టలేం. అక్కడ 00 పెడితే మీరు ఆపేదాకా నడుస్తుంది. "నా కెమెరా సరిగ్గా 99 ఫోటోలకి ఆగిపోతోంది" అనేవాళ్ళకి జవాబు ఇదే.

ఇంటర్వెల్‌ని కొన్ని రిమోట్లు ఒక నొక్కు మొదలు నుంచి తరువాతి నొక్కు మొదలు దాకా లెక్కిస్తాయి. కొన్ని ఒక నొక్కు వదిలినప్పటి నుంచి లెక్కిస్తాయి. రెండో రకంలో మీరు 8 పెడితే లాంగ్‌తో కలిసి 9 అవుతుంది. మీది ఏ రకమో స్టాప్‌వాచ్‌తో తేల్చుకోండి. 20 ఫోటోలు తీయించి, మొదటి చప్పుడు నుంచి ఇరవయ్యో చప్పుడు దాకా కొలవండి. మధ్యలో 19 ఖాళీలు ఉంటాయి. 152 సెకన్లు వస్తే అసలైన 8. 171 వస్తే మీది 9 లెక్కించే రకం, కాబట్టి 7 పెట్టుకోండి.

3. కెమెరా మెనూలో కట్టేయాల్సినవి

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (షటర్ ఎక్కువసేపు తెరిచినప్పుడు ఫోటోలో వచ్చే చుక్కలని, అంటే నాయిస్‌ని, తగ్గించే సెట్టింగ్). ట్యాంక్‌బండ్ మీద నా సాయంత్రాన్ని మింగింది ఇదే. షటర్ సెకను స్థాయికి వచ్చాక ఇది పని మొదలుపెడుతుంది. 4 సెకన్ల ఫోటో తీశాక షటర్ మూసి ఇంకో 4 సెకన్లు ఖాళీ నల్ల ఫ్రేము తీసి, దాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. అంటే 4 సెకన్ల ఫోటోకి 8 సెకన్ల పైన పడుతుంది. నా ఇంటర్వెల్ 8. ప్రతి రెండో పిలుపూ గాలిలో కలిసిపోయింది. పగలు ఇది అసలు పనిచేయదు కాబట్టి మధ్యాహ్నం పరీక్షలో బయటపడదు. దాన్ని కట్టేయండి.

ఆటోఫోకస్. చీకట్లో లెన్స్ ఫోకస్ దొరక్క అటూ ఇటూ వెతుకుతుంది, దొరక్కపోతే కెమెరా ఫోటో తీయనే తీయదు. వెలుగుండగానే దూరంగా ఉన్న భవనం మీద ఆటోఫోకస్ చేసి, లెన్స్ మీటని మాన్యువల్‌కి మార్చి, రింగు మీద చిన్న టేపు వేయండి. ఇది చేయకపోవడం వల్ల పోయిన టైమ్‌లాప్స్‌లు చాలానే చూశాను.

కెమెరా దానంతటది ఆఫ్ అయ్యే సమయాన్ని రద్దు చేయండి. లేకపోతే పెద్ద ఇంటర్వెల్ పెట్టినప్పుడు కెమెరా మధ్యలో నిద్రపోతుంది. రిమోట్ పిలుపు దాన్ని లేపడానికే సరిపోతుంది, ఫోటో పడదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరా) మిర్రర్ లాకప్ ఆన్‌లో ఉంటే మొదటి నొక్కుకి అద్దం లేస్తుంది, రెండో నొక్కుకి ఫోటో పడుతుంది. అప్పుడు మొదటి ఫ్రేము నుంచీ సగానికి సగం పోతాయి. సెల్ఫ్ టైమర్, లెన్స్ స్థిరీకరణ, ఫోటో తీశాక స్క్రీన్ మీద చూపించడం ఇవన్నీ ఆపేయండి. వైట్ బ్యాలెన్స్ (వెలుగుని బట్టి రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వద్దు, పగటి వెలుతురు గుర్తు మీద పెట్టి రా ఫైలు తీస్తే తరువాత ఇంట్లో సర్దుకోవచ్చు.

4. ఇంటర్వెల్ ఎంత పెట్టాలో రాత్రి వెలుగుని చూసి నిర్ణయించండి

చాలామంది మబ్బుల వేగం చూసి పగటిపూటే ఇంటర్వెల్ నిర్ణయించేస్తారు. తిరగేసి ఆలోచించండి. ఆఖరి ఫోటోకి షటర్ ఎంత కావాలి? దీపాలున్న నగరానికి ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 400తో 4 సెకన్లు బాగానే సరిపోతాయి. షటర్ ఇంటర్వెల్‌లో సగం దాటకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. కాబట్టి ఇంటర్వెల్ 8. మీరు 5 సెకన్లే కావాలనుకుంటే షటర్ రెండున్నర సెకన్ల దగ్గర ఆపేసి, మిగతాది ఐఎస్‌ఓ పెంచి తెచ్చుకోండి. కొంచెం నాయిస్ వచ్చినా పరవాలేదు, పోయిన ఫ్రేము మాత్రం తిరిగి రాదు.

రెండు గంటలు, 8 సెకన్లు, 900 ఫ్రేములు. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 36 సెకన్ల వీడియో. చాలు.

చీకటి పడ్డాక షూటింగ్ ఆపి ఇంటర్వెల్ మార్చి మళ్ళీ మొదలుపెడదామని కొందరు చూస్తారు. వద్దు. అక్కడ వేగం మారి వీడియోలో కుదుపు స్పష్టంగా తెలుస్తుంది.

5. ఇంట్లోనే రాత్రిని సృష్టించి పరీక్షించండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. బయలుదేరే ముందు రోజు, పట్టపగలే, లెన్స్‌కి మూత పెట్టేసి కెమెరాని రాత్రి సెట్టింగులకి తెండి: ఎం మోడ్, 4 సెకన్లు, ఐఎస్‌ఓ 400, రా ఫైలు, మీరు వాడబోయే అదే కార్డు. ఇంటర్వెల్ 8 పెట్టి పది నిమిషాలు వదిలేయండి. 75 ఫోటోలు రావాలి. ఒకటీ అరా తేడా ఉంటే అది మొదలూ చివరా లెక్కలో వచ్చేదే. 38 వస్తే ఎక్కడో సగానికి సగం పోతున్నాయి, మూడో మెట్టుకి తిరిగి వెళ్ళండి. పగలు పగటి సెట్టింగులతో చేసే పరీక్ష ఏమీ చెప్పదు, అక్కడ అన్నీ బాగానే ఉంటాయి.

ఈ పది నిమిషాల్లో బ్యాటరీ ఎంత తగ్గిందో కూడా చూసుకోండి. మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాలకి ఇది ముఖ్యం. పవర్‌బ్యాంకు తగిలిస్తే నడుస్తుందని అనుకోవద్దు. కొన్ని కెమెరాలు యూఎస్‌బీ మీద నడుస్తూనే పనిచేస్తాయి, కొన్ని ఆఫ్‌లో ఉంటేనే చార్జ్ అవుతాయి.

6. చోటు, సమయం

హైదరాబాద్‌లో డిసెంబరు మొదట్లో సూర్యాస్తమయం 5.40 ప్రాంతంలో, జూన్ చివర్లో 6.50 దాటాక. ఆ రోజు సమయం చూసుకుని గంట ముందే చేరండి. ట్యాంక్‌బండ్ రోడ్డు హుస్సేన్ సాగర్‌కి తూర్పు వైపు ఉంది కాబట్టి అక్కడి నుంచి పొద్దు నీళ్ళ మీదే గుంకుతుంది. విజయవాడ వాళ్ళకి ప్రకాశం బ్యారేజీ నుంచి ఎగువ వైపు చూస్తే కృష్ణ మీద అదే దొరుకుతుంది. దుర్గం చెరువు తీగల వంతెన దీపాలు వెలిగాక బాగుంటుంది. కానీ వంతెన మీదే ట్రైపాడ్ పెడితే బండ్ల కుదుపు ఫోటోలోకి వస్తుంది, ఒడ్డు నుంచి తీయండి. ట్రైపాడ్ చూసి ఆపే చోట్లున్నాయి, ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

7. వెలుగు జారుతున్నప్పుడు

మొదలు: ఎఫ్/8, 1/250, ఐఎస్‌ఓ 100. చివర: ఎఫ్/8, 4 సెకన్లు, ఐఎస్‌ఓ 400. మధ్యలో పన్నెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు), అంటే నాలుగు వేల రెట్ల తేడా.

యూరప్ వాళ్ళ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు. పొద్దు గుంకాక మసక వెలుతురు ఇరవై రెండు, ఇరవై అయిదు నిమిషాలకే అయిపోతుంది. ఉత్తరాన ఉన్న దేశాల్లో ఇది ఇంకా చాలాసేపు సాగుతుంది. అక్కడి వాళ్ళు "మూడు నిమిషాలకి ఒకసారి మార్చండి" అంటే మనం నిమిషానికో, నిమిషంన్నరకో మార్చాలి, అదీ పొద్దు గుంకిన తరువాతి అరగంటలో. దానికి ముందూ తరువాతా తీరిగ్గానే ఉంటుంది.

ఎలా మార్చాలి? హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగుచీకట్లని చూపే గ్రాఫు) ఎడమకి జరగడం మొదలవగానే షటర్‌ని ఒక్క మెట్టు, అంటే మూడో వంతు స్టాపు మాత్రమే పెంచండి. ఫోటో అయిపోయిన చప్పుడు విన్నాక, తరువాతిది మొదలయ్యేలోపు, మెత్తగా డయల్ ఒక్క గంటు తిప్పండి. షటర్ 4 సెకన్లకి చేరాక ఇక దాన్ని ముట్టుకోవద్దు, ఐఎస్‌ఓ పెంచండి. చీకటి కొంచెం ఎక్కువగానే కనిపించినా కంగారుపడి రెండు మూడు మెట్లు ఒకేసారి ఎక్కకండి. అది రాత్రి, చీకటిగానే ఉండాలి. ఈ మెట్లని ఇంట్లో ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ నునుపు చేస్తుంది.

చేత్తో తిప్పడం ఇష్టం లేకపోతే ఏవీ మోడ్‌తో (నికాన్, సోనీల్లో ఏ మోడ్; ఇందులో షటర్‌ని కెమెరాయే ఎంచుకుంటుంది) ఆటో ఐఎస్‌ఓ వాడొచ్చు. ఒక షరతు: షటర్ ఎంతకు మించి పొడవు కాకూడదో మీ కెమెరాలో పెట్టుకోగలగాలి. సోనీల్లో ఐఎస్‌ఓ ఆటో కనీస షటర్ స్పీడుని సెకన్లలో కూడా పెట్టుకోవచ్చు, అక్కడ 4 సెకన్లు పెట్టండి. ఐఎస్‌ఓకి పైహద్దు కూడా కాస్త ఉదారంగానే ఇవ్వండి, అది నిండిపోతే కెమెరా మళ్ళీ షటర్‌నే పొడిగిస్తుంది. ఏ హద్దూ లేకుండా వదిలేస్తే అది షటర్‌ని 10, 15 సెకన్లకి లాగేస్తుంది, ఇంటర్వెల్ కుప్పకూలుతుంది. సోనీ, నికాన్ కెమెరాల్లో కొన్నింటికి ఇంటర్వెల్‌కే ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఫ్రేములు పోవు గానీ, వెలుగు చాలకపోయినా కెమెరా ముందుకే వెళ్ళిపోతుంది, ఫోటోలు చీకటిగా పడొచ్చు. హద్దు పెట్టుకోవడమే మేలు. ఏవీ మోడ్ వాడే డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్ళు వ్యూఫైండర్‌ని (కన్ను పెట్టి చూసే కిటికీ) మూసేయండి, వెనక వీధి దీపం వెలుగు అందులోంచి దూరి, వెలుగుని కొలిచే మీటర్‌ని తప్పుదోవ పట్టిస్తుంది.

దీపాలు వెలిగాక షటర్ ఇంకా 1/100 కన్నా వేగంగా ఉంటే ఎల్‌ఈడీ బోర్డులు ఒక ఫ్రేములో వెలిగి, ఒక ఫ్రేములో ఆరినట్టు రావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మిణుకుతుంది. 1/50 లేదా అంతకన్నా నెమ్మదికి వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

8. ఫోటోల సమయాలు చూసి జబ్బు పట్టుకోవడం

ఇంటికొచ్చాక వీడియో చేసేముందు ఫోటోలు తీసిన సమయాలని వరసగా చూడండి. ఖాళీలే మొత్తం కథ చెబుతాయి.

8, 8, 8 అని వచ్చి ఒకచోట నుంచి 16, 16 అయితే షటర్ ఇంటర్వెల్‌ని దాటేసింది, లేదా నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంది. మారిన చోట ఫోటో షటర్ స్పీడు చూడండి. అది 8కి చేరినా దాటినా మీరే ఎక్కువ పెంచారు. 4 దగ్గరే ఉంటే నాయిస్ రిడక్షనే. మొదటి నుంచీ 16 ఉంటే మిర్రర్ లాకప్.

8, 8, 24, 8, 40 ఇలా గాడితప్పి ఉంటే ఆటోఫోకస్ వెతుకులాట, లేదా తీగ వదులు. ఈ రెంటినీ విడదీయడం తేలిక: పగటి ఫ్రేముల్లోనూ ఉంటే తీగ, చీకటి పడ్డాకే ఉంటే ఫోకస్.

ఒకచోట పూర్తిగా ఆగిపోతే ఆఖరి ఫోటో నంబరు లెక్కపెట్టండి. 99 లేదా 399 అయితే అది నంబర్ సెట్టింగ్. కాకపోతే బ్యాటరీ, కార్డు, కెమెరా నిద్ర, ఈ వరసలో చూడండి.

సమయం ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. కెమెరా గడియారం పూర్తి సెకన్లలోనే చూపిస్తుంది కాబట్టి 8, 9, 7 లాగా కనిపించడం మామూలే.

9. విశాఖ వాళ్ళకి

సముద్రం మీద పొద్దు గుంకడం మీకు దొరకదు, బీచ్ తూర్పు చూస్తుంది. కాబట్టి రాత్రి నుంచి పగలుకి తీయండి. సూర్యోదయానికి గంటంపావు ముందు మొదలుపెట్టండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. షటర్ పొడవుగా ఉండేది మొదట్లోనే, తరువాత చిన్నదవుతూ పోతుంది. మొదటి ఇరవై ఫ్రేములు 8 సెకన్ల చొప్పున సరిగ్గా పడితే టైమర్ గురించి ఇక బెంగ అక్కర్లేదు. ఫోకస్ మాత్రం చీకట్లోనే చేసుకోవాలి. దూరంగా లంగరు వేసిన ఓడ దీపాన్ని లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కగా కనిపించేదాకా రింగు తిప్పి టేపు వేయండి. ఉప్పు తేమ అద్దం మీద పట్టేస్తుంది. అరగంటకోసారి టార్చి పక్కనుంచి వేసి లెన్స్ చూడండి. మసకగా ఉంటే రెండు ఫ్రేముల మధ్య మెత్తటి గుడ్డతో తుడవండి. ఒక ఫ్రేములో చెయ్యి పడితే ఆ ఒక్కటీ తీసేసి, ముందుదాన్ని రెండుసార్లు వాడుకోండి.

సూర్యుడు నీటి అంచు దాటాక వెలుగు ఎగబాకుతుంది. అప్పుడు డయల్ తిప్పే చెయ్యి ఆలస్యం చేయకూడదు. చీకటి ఫోటోని ఇంట్లో కొంత లేపుకోవచ్చు గానీ, తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.